చెయ్యెత్తితే ఆపుతాను

హాలిన్ బ్రిడ్జ్, యార్క్‌షైర్
ఫిబ్రవరి 6

అన్నయ్యా,

నీ చెల్లెలు చివరికి ఒక స్థాయికి చేరుకుంది. ఆ స్థాయి మనిషి నడుముకి కాస్త కింద ఉంటుంది.

ముప్పై ఒక్కేళ్లు నర్సుగా చేశాను. అందులో పద్నాలుగేళ్లు పేగుల విభాగంలో డాక్టర్ల చేతికి సామాను అందిస్తూ, వాళ్లు "బాగుంది" అంటే నేనూ "బాగుంది" అంటూ గడిపాను. ఇప్పుడు ఆ కెమెరా గొట్టం నా చేతికే ఇచ్చారు. రెండేళ్ల శిక్షణ అయింది. డాక్టర్ ఒకాఫోర్ నా భుజం పక్కన నిలబడి చూస్తుండగా రెండు వందలకు పైగా పరీక్షలు చేశాను. పోయిన సోమవారం నుంచి నాకు సొంత జాబితా. గొట్టం పంపేది నేనే, చూసేది నేనే, పేగు గోడకి పిలకల్లాంటి పాలిప్‌లు కనిపిస్తే కత్తిరించేది నేనే, కింద సంతకం పెట్టేదీ నేనే. డాక్టర్ని కాను, డాక్టరు పని చేస్తాను. బ్యాడ్జీ మీద క్లినికల్ ఎండోస్కోపిస్ట్ అని ఉంటుంది. అంటే ఏమిటని పక్కింటి మిసెస్ బార్‌స్టో అడిగింది. చెప్పాను. నోటి దాకా తెచ్చుకున్న కేకు ముక్కని ఆవిడ తిరిగి పళ్లెంలో పెట్టేసింది.

మొదటి రోజు మొదటి మనిషి దగ్గర గ్లవ్స్ రెండుసార్లు తిరగేసి తొడుక్కున్నాను. "ఇది మీకు మొదటిసారా?" అని నేను అడగాల్సిన మాట, బల్ల మీద పక్కకి తిరిగి పడుకుని ఆవిడే నన్ను అడిగింది.

ఇక ఊళ్లో నా సంగతి చెప్పక్కర్లేదు. నేను దుకాణంలోకి వెళ్తే సగం మంది అరల వైపు తిరిగిపోతారు. టమాటా డబ్బాల మీద రాసింది అంత శ్రద్ధగా చదివే జనం ఇంకే ఊళ్లోనూ ఉండరు.

అసలు విషయం. నీకు అరవై మూడు వచ్చాయి. పేగు క్యాన్సర్ ఉందేమో చూడ్డానికి రెండేళ్లకోసారి ప్రభుత్వం పోస్టులో పంపే ఆ చిన్న సీసా నీకూ వచ్చే ఉంటుంది. పుల్లతో కాస్త మలం తీసి, సీసాలో పెట్టి, మూత బిగించి, కవరులో వేసి పంపడమే. నాన్న ఎలా పోయాడో చూసినవాళ్లం మనం. పంపావా?

ఫోను చేయనులే, భయపడకు. ఫోనులో నీ మాట నత్తికి గొంతులో ఇరుక్కుంటే అవతల నాకు ఊపిరాడదు. కాగితం మీదైతే నీ అంత వాగుడుకాయ ఇటు ఇంగ్లండులోనూ అటు స్కాట్లండులోనూ లేడు.

నీ చెల్లెలు
గ్లినిస్


వెస్ట్రే, ఆర్క్నీ దీవులు
ఫిబ్రవరి 27

చెల్లాయ్,

హెలివెల్ వంశం పరువు నిలబెట్టావు. తాతయ్య మిల్లులో ఆవిరి గొట్టాలు చూసేవాడు. నాన్న మగ్గాల అడుగున దూరేవాడు. నేను ముప్పై ఏళ్లు పడవ ఇంజన్ల లోపల తల పెట్టాను. చీకటిగా, జిడ్డుగా ఉన్నచోట దీపం పట్టుకుని దూరడం మన రక్తంలోనే ఉంది. నువ్వు ఒక్క అడుగు ముందుకు వేశావు, అంతే.

ఇక్కడ గాలికి పడవ నాలుగు రోజులు ఆగిపోయింది. దుకాణంలో రొట్టె అయిపోయి, జనమంతా ఓట్ బిస్కెట్లు నమిలారు. నా ఇరవై రెండు గొర్రెలూ గోడ చాటున నిలబడి, ఈ గాలికి నేనే కారణమన్నట్టు చూశాయి. మరో ఆరు వారాల్లో ఈనడం మొదలవుతుంది.

నా సంగతులు పెద్దగా లేవు. బెల్టుకి మేకుతో రెండు బెజ్జాలు కొత్తగా పొడిచాను. దుకాణం నడిపే మార్గెట్ నన్ను చూసి, కుర్రాడివైపోతున్నావు గ్రాహం అంది. ఈ వయసులో ఒక ఆడమనిషి అలా అనడం ఇంత ఆలస్యంగా జరిగినందుకు విచారించాను. మధ్యాహ్నం కుర్చీలో కూర్చుంటే కునుకు పట్టేస్తోంది. కుర్రాళ్లకి అలా ఉండదేమో మరి.

కవరు వచ్చింది. ఈ దీవికంతా పోస్టుమాన్ ఒక్కడే. ఆ కవరులో ఏముంటుందో అతనికీ తెలుసు, అతని కుక్కకీ తెలుసు. తిరిగి పంపేటప్పుడు అతని చేతిలోనే పెట్టాలి. చూద్దాం.

గ్రాహం


హాలిన్ బ్రిడ్జ్
మార్చి 19

అన్నయ్యా,

బెల్టుకి బెజ్జాలు ఎందుకు పొడవాల్సి వచ్చింది? తిండి తింటున్నావా? చూద్దాం అంటే ఎప్పుడు? ఈ మూడు ప్రశ్నలకీ జవాబు రాయకుండా గొర్రెల గురించి రాస్తే ఊరుకోను.

సరే, నిన్ను నవ్విస్తాను. రెండు వారాల కిందట నా జాబితాలో ఒక పెద్దమనిషి వచ్చాడు. మార్కెట్ హాల్లో మాంసం కొట్టు. పేరు మాత్రం చెప్పను, రోగుల గుట్టు కాపాడాలి కదా. మత్తు వద్దన్నాడు, కొట్టుకి వెళ్లాలట. వెనక తెరుచుకునే ఆ కాగితం నిక్కరు వేసుకుని, రాజుగారిలా నడిచి వచ్చి బల్లెక్కాడు. ఎడమ పక్కటెముకల కింద పేగు మలుపు తిరుగుతుంది. గొట్టం అక్కడికి చేరేసరికి ఆయన చర్చిలో పాడే కీర్తన ఒకటి ఎత్తుకున్నాడు. చిన్నగా కాదు. గోడ మీద గడియారం అదిరేంత గొంతు. నాలుగు చరణాలు. మూడో చరణానికి మా నర్సు కూడా గొంతు కలిపింది. సరిగ్గా "ఆమెన్" దగ్గర నేను పేగు చివరికి చేరుకున్నాను. ఇంత భక్తిగా జరిగిన పరీక్ష ఈ దేశంలో ఇంకోటి ఉండదు. మర్నాడు ఆయన మా విభాగానికి సాసేజీలు పంపాడు. టీ గదిలో ఈ కథ నేను చెప్పినంత బాగా ఎవరూ చెప్పలేరని అంటున్నారు.

నూటికి తొంభై రెండు మందిలో చివరిదాకా చేరుతున్నాను. తొంభై దాటితే చాలు. చిన్నప్పుడు లెక్కల్లో నాకెన్ని వచ్చేవో నీకు గుర్తుందిగా. ఇన్నాళ్లకి ఒక దాంట్లో తొంభై దాటాను.

సీసా పంపు.

గ్లినిస్


వెస్ట్రే
ఏప్రిల్ 13

గ్లినిస్,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మొదటిసారి నవ్వాను. రెండోసారి నవ్వు రాలేదు. మూడోసారి చదివాక బయటికి వెళ్లి గొర్రెల దగ్గర నిలబడ్డాను.

పేరు చెప్పలేదన్నావు. మన ఊరి మార్కెట్ హాల్లో మాంసం కొట్టు ఒక్కటే. అది నార్మన్ హార్స్‌ఫాల్‌ది. ఐదేళ్లు బళ్లో ఒకే బెంచీ మీద కూర్చున్నాం. నా నత్తిని వెక్కిరించని మగపిల్లాడు ఆ తరగతిలో అతనొక్కడే. నేను మాట పూర్తి చేసేదాకా అలా చూస్తూ ఆగేవాడు. ఇప్పుడు అతని వెనక తెరుచుకునే నిక్కరు నా కళ్ల ముందు ఉంది. నాకు అది అక్కర్లేదు.

ఆ సీసా నేనెందుకు పంపలేదో చెప్తాను. టీ డబ్బాల వెనక ఉంది. అక్టోబరు నుంచి నాకు రక్తం పడుతోంది. ముందు అప్పుడప్పుడు, ఇప్పుడు తరచుగా. నాన్న ఏడాది పాటు ఎవరికీ చెప్పలేదు. తన బట్టలు తనే ఉతుక్కునేవాడు, మనం అదేదో మంచి గుణమనుకున్నాం. ఆయన ఎందుకు చెప్పలేదో నాకు ఇప్పుడు అర్థమవుతోంది. భయం ఒక్కటే కాదు. ఎవరో మనని అలా చూస్తారని, చూసి ఇంకెక్కడో చెప్పుకుంటారని.

నేను ఆ బల్ల మీద పడుకుంటే నా గురించి ఎవరు ఎవరికి ఉత్తరం రాస్తారు? నత్తివాడు ఒకడు వచ్చాడు, ఆపమనడానికి ఐదు నిమిషాలు పట్టింది, ఈలోపు పరీక్షే అయిపోయింది అని రాస్తారు. మంచి కథే. టీ గదిలో బాగా పండుతుంది.

తొమ్మిది పిల్లలు పుట్టాయి. ఒకటి దక్కలేదు.

గ్రాహం


హాలిన్ బ్రిడ్జ్
ఏప్రిల్ 17

అన్నయ్యా,

ఈ కాగితం అందిన రోజే దీవి డాక్టరు దగ్గరికి వెళ్లు. రక్తం పడుతుంటే పోస్టు సీసాతో సరిపోదు. మాట రాకపోతే నీ ఉత్తరంలో రక్తం గురించి చెప్పిన ఆ భాగం కాగితం మీద రాసి ఆయన చేతికివ్వు. నాన్న గురించి కూడా రాయి.

నువ్వు అన్నది నిజం. మిగతాది మళ్లీ రాస్తాను. ముందు వెళ్లు.

గ్లినిస్


హాలిన్ బ్రిడ్జ్
ఏప్రిల్ 28

అన్నయ్యా,

డాక్టరు నిన్ను చూశాడనీ, కర్క్‌వాల్ ఆసుపత్రికి రాశాడనీ కార్డు అందింది. ఆయన కూడా నీకు అదే సీసా ఇచ్చి పంపాడని రాశావు. ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి.

ఇక నార్మన్ హార్స్‌ఫాల్ సంగతి. నీకు రాసిన కథలో ఒక ముక్క వదిలేశాను. టీ గదిలోనూ వదిలేశాను. చెప్పగా చెప్పగా అది అసలు జరగలేదనే అనిపించడం మొదలైంది.

గొట్టం పెట్టేముందు అందరికీ ఒకటే మాట చెప్తాను. నొప్పి ఓర్చుకోలేకపోతే చెయ్యెత్తండి, వెంటనే ఆపుతాను అని. ఆయనకీ చెప్పాను. ఆయన పాడింది సరదాకి కాదు. నొప్పికి. రెండో చరణంలో గొంతు పెంచాడు. మూడో చరణంలో చెయ్యెత్తాడు. నేను చూశాను. ఇంకో మలుపు దాటితే చివర. ఆ వారంలో అప్పటికే ఇద్దరి దగ్గర మధ్యలో ఆపేశాను, నా లెక్క తొంభై దగ్గర ఊగుతోంది. "ఒక్క నిమిషం, అయిపోవచ్చింది" అన్నాను. నిమిషం కాదు, దాదాపు నాలుగు. నాలుగో చరణం అందుకే అంత గట్టిగా పాడాడు. ఆమెన్ అన్నాక ఆయన కళ్లు తుడుచుకుంటుంటే నర్సు భక్తి అనుకుంది. నేను అలా అనుకోలేదు. అలా అనుకున్నట్టు నటించాను.

నీ ఉత్తరం వచ్చిన మర్నాడు డాక్టర్ ఒకాఫోర్ గదికి వెళ్లి అంతా చెప్పాను. ఆవిడ కోప్పడలేదు, అది ఇంకా కష్టం. జరిగింది రాసి ఇమ్మన్నారు. ఆరు వారాల పాటు నా ప్రతి పరీక్షకీ మళ్లీ ఎవరో ఒకరు పక్కన నిలబడతారు. యాభై ఎనిమిదేళ్ల వయసులో చిన్న బళ్లో పిల్లలా ఉన్నాను. బ్యాడ్జీ మాత్రం తీసేయలేదు. దాన్ని చూసినప్పుడల్లా తల దించుకుంటే మెడ పట్టేస్తోంది.

ఆసుపత్రి వాళ్లు హార్స్‌ఫాల్‌కి చెప్పి, ఆయన సరేనన్నాక వెళ్లి కలిశాను. కొట్టు వెనక గదిలో రెండు స్టూళ్లు వేశాడు. క్షమించమని అడిగాను. ఇంట్లోవాళ్లకి రాసిన ఉత్తరంలో ఆయన మీద కథ చెప్పానని కూడా ఒప్పుకున్నాను. చాలాసేపు ఏప్రన్ అంచు మడతలు పెట్టుకుంటూ కూర్చున్నాడు.

"చెయ్యెత్తితే ఆపుతానన్నారు," అన్నాడు. "ఎత్తాను. నాకేం చెప్పాలో తెలీలేదండీ. చెప్పినట్టే చేశాను కదా."

మరి సాసేజీలు ఎందుకు పంపారని అడిగాను. నా బుర్ర అలాంటిది, అలాంటప్పుడు అలాంటి ప్రశ్నే వస్తుంది. లోపల ఏమీ లేదని చెప్పారుగా, సంతోషం వేసింది అన్నాడు. రెండూ నిజమేనట. నొప్పీ నిజమే, సంతోషమూ నిజమే.

వచ్చేటప్పుడు నీ గురించి అడిగాడు. ఎలా ఉన్నాడు గ్రాహం, ఇంకా ఉత్తరంలో ఆగకుండా మాట్లాడతాడా అని. బాగున్నాడని చెప్పాను. ఒక్క ముక్క ఎక్కువ చెప్పలేదు. నేర్చుకుంటున్నాను.

గ్లినిస్


కర్క్‌వాల్
జూన్ 11

చెల్లాయ్,

నార్మన్‌ని కలిశావు. మంచిపని చేశావు. ఆ విషయం ఇక మన మధ్య మళ్లీ వద్దు.

ఇది కర్క్‌వాల్‌లో అద్దె గదిలో కూర్చుని రాస్తున్నాను. పేగు కడిగే ఆ మందు తాగి పడవెక్కితే గంటన్నర ప్రయాణంలో ఏం జరుగుతుందో ఇంజన్ మనిషిగా ఊహించగలను కాబట్టి రెండు రోజుల ముందే వచ్చేశాను. గది ఇచ్చిన పెద్దావిడకి ఉన్నది ఒకే మరుగుదొడ్డి. విషయం చెప్పడానికి నోరు తెరిస్తే మొదటి అక్షరం దగ్గరే ఆగిపోయాను. చివరికి ఆసుపత్రి కాగితం చూపించాను. ఆవిడ చదివి, తాళంచెవి నా చేతికిచ్చి, రెండు రోజులకి చెల్లెలింటికి వెళ్లిపోయింది. ఒక ఇల్లాలిని ఇల్లు వదిలి పారిపోయేలా చేసిన మొదటి హెలివెల్‌ని నేనే అయ్యుంటాను.

ఆ మందు సముద్రపు నీళ్లలో నారింజ తొక్క నానబెట్టినట్టుంది. మిగతాది రాయను, వృత్తిరీత్యా నీకు తెలుసు.

పరీక్ష చేసింది నీలాంటి మనిషే, డాక్టరు కాదు. రోనా అనే ఆవిడ. పొట్టిగా, ముక్కుమీద కళ్లద్దాలతో, పడవ నడిపేదానిలా కాళ్లు ఎడంగా పెట్టి నిలబడింది. చెయ్యెత్తితే ఆపుతానంది. నేను తలూపాను. గొట్టం కొంచెం వెళ్లింది. నాకు నొప్పేం లేదు. అయినా చెయ్యెత్తాను.

ఆగింది. వెంటనే. చేతులు కూడా కదల్లేదు.

"నొప్పి వస్తోందా?" అంది.

"లే... లేదు," అన్నాను. "ఊరికే చూ... చూశాను."

నా మాట పూర్తయ్యేదాకా ఆగింది. తర్వాత అంది, "చూసుకోండి. ఎన్నిసార్లయినా పర్లేదు."

ఇంకెత్తాల్సిన అవసరం రాలేదు. తెర మీద నా లోపల చూశాను గ్లినిస్. గులాబీ రంగులో, తడిగా మెరుస్తూ, కొత్తగా కడిగిన ఇంజన్ గదిలా ఉంది. మన వంశంలో శుభ్రంగా ఉంచుకున్న చోటు అదొక్కటే అనుకున్నాను. ఎడమవైపు మలుపు కింద మాత్రం ఒకటి ఉంది. వాల్‌నట్ కాయంత. అది ఏమిటో ఆవిడ చెప్పకముందే తెలిసిపోయింది. ఆవిడ గొట్టం బయటికి తీశాక, నన్ను లేపి కూర్చోబెట్టి, టీ ఇచ్చి, అప్పుడు చెప్పింది. ముక్క తీసి పంపాం, క్యాన్సర్ అయ్యుండే అవకాశమే ఎక్కువ, మీకు అబద్ధం చెప్పను అంది.

నాలుగు మాటల్లో రాస్తాను. భయంగా ఉంది. నువ్వు రా.

గ్రాహం


అబర్డీన్, ఆపరేషన్ల వార్డు
జూలై 22

చెల్లాయ్,

నీ రైలు ఇప్పుడు డండీ దాటి ఉంటుంది. ఆపరేషన్ అయ్యాక నాలుగు రోజులు నా మంచం పక్కన కూర్చున్నావు. నేను పట్టుమని పది మాటలు అనలేదు. నువ్వు కూడా ఏమీ అనలేదు. నా పొట్ట మీద కుట్లు చూసి బాగా వేశారని మాత్రం అన్నావు, అది నాకు కాదు, కుట్లకి చెప్పినట్టుంది.

నువ్వు వెళ్లిన గంటకి సర్జను వచ్చాడు. పరీక్ష ఫలితం వచ్చిందట. క్యాన్సర్ గడ్డే, కానీ పేగు గోడ దాటలేదు. చుట్టూ తీసిన లింఫు గ్రంథులు పందొమ్మిది, ఒక్కదాంట్లోకీ పాకలేదు. ఇక మందులు అక్కర్లేదు, ఏడాదికి మళ్లీ చూస్తే చాలు అన్నాడు. ఇంకో ఏడాది ఆలస్యం చేసి ఉంటే ఈ మాట చెప్పేవాణ్ని కాను అని కూడా అన్నాడు. నేను చేసింది అంత గొప్ప పనేం కాదు, డబ్బాల వెనక దాచుకున్నవాణ్ని. నన్ను తిట్టి బయటికి లాగింది నువ్వు. నిన్ను తిట్టింది నేను. ఇద్దరం ఒకళ్ల నోటివల్ల ఒకళ్లం బతికిపోయాం.

నీ కుర్చీ ఖాళీగా ఉంటే బాగాలేదు. నువ్వు ఉన్నప్పుడు చెప్పలేకపోయాను, ఇప్పుడు రాస్తున్నాను. నాన్న పక్కన ఎవరూ కూర్చోలేదు. కూర్చోనివ్వలేదు ఆయన. నేను కూర్చోనిచ్చాను. అది తేలికే. ఆయనకి ఎవరూ చెప్పి ఉండరు.

ఆరు వారాలు బరువు ఎత్తకూడదట. గొర్రెల్ని మార్గెట్ కొడుకు చూస్తానన్నాడు. ఒంటరిగా వద్దని వార్డు నర్సు గట్టిగా చెప్పింది. నీ ఇంట్లో ఒక మంచం ఉంటే మూడు వారాలు వస్తాను.

గ్రాహం


హాలిన్ బ్రిడ్జ్
జూలై 27

అన్నయ్యా,

నీ ఉత్తరం గుమ్మంలోనే విప్పి చదివి, మెట్ల మీద కూర్చుండిపోయాను. మిసెస్ బార్‌స్టో చూసి ఏదో చెడ్డ కబురనుకుని టీ పట్టుకొచ్చింది. గ్రంథులు పందొమ్మిది అని మాత్రం అన్నాను. ఆవిడకి ఏమీ అర్థం కాలేదు, అయినా నా వీపు నిమిరింది.

పనిలో నా పక్కన ఎవరో ఒకరు నిలబడే రోజులు అయిపోయాయి. మూడు నెలలకోసారి మా అందరి లెక్కలూ గోడ మీద పెద్దగా వేసి చూపిస్తారు. నాది ఎనభై ఏడు. తొంభైకి కింద ఉన్నవాళ్లు లేచి కారణం చెప్పాలి. లేచాను. ఐదుగురు చెయ్యెత్తారు, ఐదుగురి దగ్గరా ఆపాను, వాళ్లకి ఇంకోరోజు మత్తిచ్చి మళ్లీ చేయించాం, అందరివీ చివరిదాకా చూశాం అని చెప్పి కూర్చున్నాను. డాక్టర్ ఒకాఫోర్ తర్వాతి పేరు పిలిచారు. బయటికి వచ్చాక మాత్రం, ఇకనుంచి ఎందరు చెయ్యెత్తారు, ఎందరి దగ్గర ఆపాం అన్న ఆ రెండో అంకె కూడా గోడ మీద వేద్దామన్నారు. చిన్నప్పుడు లెక్కల్లో తప్పినప్పుడు ఏడ్చేదాన్ని. ఈసారి తప్పి, ఇంటికి వచ్చి రెండు గుడ్లు వేయించుకుని తిన్నాను.

పై గదిలో మంచం ఉంది. పరుపు కొత్తది. మరుగుదొడ్డి పక్కనే, నిన్ను చూసి ఇల్లు వదిలి పారిపోయేవాళ్లు కూడా లేరు. శనివారం మూడింటికి లీడ్స్ స్టేషన్‌లో ఉంటాను. పెట్టె నువ్వు ముట్టుకోకు, నేను మోస్తాను.

ఒక్కటే భయంగా ఉంది. ముప్పై ఏళ్లుగా మనం కాగితం మీదే బతికాం. ఒకే ఇంట్లో మూడు వారాలంటే ఏం మాట్లాడుకుంటాం? అందుకని నీ గదిలో కిటికీ పక్కన బల్ల వేశాను. దాని మీద కాగితాలూ పెన్నూ పెట్టాను. నోరు పెగలకపోతే అక్కడే కూర్చుని రాసి, తలుపు కింద నుంచి తొయ్యి. నేను మెట్ల మీద కూర్చుని చదువుకుని, జవాబు రాసి పైకి పంపిస్తాను. స్టాంపు అక్కర్లేదు.

గ్లినిస్